నాన్న చదివిన పందొమ్మిదో అధ్యాయం

ఆసుపత్రి ల్యాబులో అతన్ని అందరూ 'మళ్ళీగారు' అనేవారు. పదేళ్ళ ఉద్యోగంలో అతని నోట ఎక్కువసార్లు వచ్చిన మాట అదే. రక్తం గొట్టాన్ని మిషన్లో పెట్టాక వచ్చిన అంకె కాస్త అటూ ఇటూగా కనిపిస్తే చాలు, "మళ్ళీ చేద్దాం" అనేవాడు. మళ్ళీ చేసినా అదే వస్తే ఒక చుక్క తీసి గాజుపలక మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి కళ్ళతో లెక్కపెట్టేవాడు. పక్క బల్ల దగ్గర పనిచేసే సీనియర్ టెక్నీషియన్‌ని ల్యాబంతా మేడమ్ అని పిలిచేది. ఆవిడ ఒకరోజు, మీరు ఇంటికి తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కి వచ్చి లాగి చూసే రకం కదూ అని అడిగింది. రోజూ చూస్తానని అతను నిజాయితీగా ఒప్పుకున్నాడు.

అంకెల విషయంలో అంత పట్టుదల ఉన్న మనిషి, సొంత ఇంట్లో ఎనిమిది వారాలుగా అబద్ధపు అంకెలు చెబుతున్నాడు.

అతని భార్య ఎముకల్లోని మూలుగ రక్తకణాలు తయారుచేయడం దాదాపు మానేసింది. మందు మొదలుపెట్టారు. అది పట్టుకుంటుందో లేదో చూడాలి, చూడటం తప్ప ప్రస్తుతానికి చెయ్యగలిగింది లేదు అన్నాడు డాక్టరు. చూడటం అంటే ప్రతి బుధవారం రక్తం తీసి ప్లేట్‌లెట్లు లెక్కపెట్టడం. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి లక్షన్నరకి తగ్గవు. ఆమెకి మొదటివారం ఇరవై రెండు వేలు వచ్చాయి. సొంతవాళ్ళ రక్తం తాము పరీక్ష చెయ్యకూడదన్నది ల్యాబు నియమం. అందుకని ఆమె గొట్టం మేడమ్ బల్ల మీదికి వెళ్ళేది. అతను ఆవిడ వెనక చేతులు కట్టుకుని నిలబడేవాడు.

వాళ్ళకి పదకొండేళ్ళ కూతురు. అమ్మకి ఏమవుతోందో దాచొద్దని మొదట్లో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ అనుకున్నారు. దాచకుండా ఎలా చెప్పాలో కూడా అతనే ఆలోచించాడు. వంటింటి గోడకి గళ్ళ కాగితం అంటించి, అడుగున వారాలూ నిలువునా వేల లెక్కా వేసి, చుక్క ఎలా పెట్టాలో కూతురికి నేర్పాడు. మొదటి చుక్క ఇరవై రెండు. రెండో చుక్క పందొమ్మిది. రెండిటినీ స్కేలుతో కలిపి ఆ గీత కిందికి వాలడం చూసిన పిల్ల ఆ పూట ముద్ద ముట్టలేదు. మర్నాడు బడికి బయలుదేరుతూ గుమ్మంలోనే వాంతి చేసుకుంది. మూడోవారం పద్నాలుగు వచ్చింది. అతను ఇంటికొచ్చి ఇరవై మూడు అన్నాడు.

ఆ ఒక్కవారానికే అనుకున్నాడు. కానీ పెరిగిన అంకెని తగ్గించడానికి మరుసటివారం నోరు రాలేదు. ఇరవై అయిదు, ఇరవై ఏడు, ముప్ఫై అంటూ గోడ మీది గీత ముప్ఫై ఎనిమిదికి ఎక్కింది. పిల్ల తిండీ నిద్రా కుదుటపడ్డాయి. అసలు అంకె పదిహేడు దాటి పైకి రాలేదు.

ఇంట్లో పిల్లని 'జడ్జిగారు' అనేవారు. ఆ పేరు రావడానికి కారణం సినిమాలు. బడి వరండాలో ఒక గోడపత్రిక ఉండేది. అందులో 'పుస్తకమా, సినిమానా' అని నెలకొకసారి ఆమె అభిప్రాయం అంటించేవారు. పేరున్న పుస్తకాన్ని సినిమాగా తీస్తే చాలు, జడ్జిగారు విచారణ మొదలుపెట్టేది. ఆమెకి మూడు సూత్రాలు ఉండేవి. సినిమావాళ్ళు పుస్తకంలోది వదిలెయ్యొచ్చు, వాళ్ళకి టైము చాలదు. కొత్తది కలపొచ్చు, బొమ్మ కదలాలి కదా. ఉన్నదాన్ని తీసి దాని చోట ఇంకోటి పెడితే మాత్రం క్షమించకూడదు. గడియారాలు బాగుచేసే ఒక గుడ్డాయన కథని సినిమా తీస్తే దానికి పదికి మూడు మార్కులే వేసింది. పుస్తకంలో ఆయన ఒక్కసారి కూడా ఏడవడు, సినిమాలో నాలుగుసార్లు ఏడ్చాడు, లెక్కపెట్టాను అని రాసింది. మరో సినిమాలో నల్లకుక్కని తెల్లకుక్క చేస్తే వదిలేసింది. కుక్క రంగుతో కథకి పని లేదట.

తీర్పు చెప్పాలంటే ముందు పుస్తకం వినాలి. అందుకని ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. సినిమా వస్తోందని తెలియగానే లైబ్రరీ నుంచి పుస్తకం తేవడం, నాన్న పైకి చదవడం, తల్లీ కూతుళ్ళు వినడం. ఆమెకి జబ్బు చేశాక ఆ చదువు ఆసుపత్రికి మారింది. ఆదివారాలు ఆమెకి రక్తం ఎక్కించేవారు. సంచీ ఖాళీ అవడానికి మూడు నాలుగు గంటలు పట్టేది. అతను స్టూలు మీద కూర్చుని చదివేవాడు. పిల్ల మంచం చివర కాళ్ళు ముడుచుకుని, కిటికీవైపు చూస్తూ వినేది.

అలా మొదలైందే పడవ పుస్తకం. దీవుల మధ్య ఉత్తరాలు చేరవేసే ఒక పడవ, దాన్ని నడిపే తల్లి, ఆమెతోపాటు తిరిగే అక్కాతమ్ముళ్ళు. ఆ వయసు పిల్లల్లో దాన్ని చదవనివాళ్ళు తక్కువ. అంతమంది పిల్లలు ఇష్టపడిన పుస్తకంలో భయపడాల్సింది ఏముంటుందని, ప్రతిదాన్నీ రెండుసార్లు చూసే మనిషి దాన్ని ఒక్కసారి కూడా ముందుగా తిరగెయ్యలేదు.

పందొమ్మిదో అధ్యాయం రెండో పేజీలో అతని కళ్ళు గొంతుకంటే రెండు వాక్యాలు ముందుకి పోయాయి. పడవలో తల్లికి జ్వరం. పిల్లలు తడిగుడ్డ వేస్తున్నారు. ఆ కింది వరసలో ఆమె చెయ్యి చల్లబడింది. తలెత్తితే ఎదురుగా భార్య, పైనుంచి ఆమె చేతిలోకి దిగుతున్న ఎర్రటి గొట్టం, మంచం చివర కూతురు వీపు. గొంతు ఆగితే అయిపోయినట్టే. ఆగకుండా, పేజీలో లేని మాటలు చదివాడు. అటుగా వచ్చిన మరో పడవలో ఒక డాక్టరు ఉన్నాడు. ఆయన దగ్గర ఏదో ఆకు ఉంది. తెల్లారేసరికి జ్వరం దిగిపోయింది.

అక్కడితో తీరలేదు. ఇంకా పన్నెండు అధ్యాయాలు ఉన్నాయి. పుస్తకంలో చనిపోయిన మనిషిని అన్నిట్లోనూ బతికించాలి. ల్యాబులో భోజనాల వేళ పుస్తకం ముందేసుకుని, ఆమె ఏం చేస్తోందో చీటీల మీద రాసుకునేవాడు. అతనేమైనా కథలు రాసేవాడా? ఇరవయ్యో అధ్యాయంలో ఆమె చేత తెరచాప కుట్టించాడు. ఇరవై ఒకటిలో నిద్రపుచ్చాడు. ఇరవై రెండులో మళ్ళీ తెరచాపే కుట్టించాడు.

"ఆ తెరచాప ఎన్నిసార్లు చిరుగుతుంది నాన్నా?" అంది పిల్ల.

భార్య ఫక్కున నవ్వింది. నవ్వడం అయ్యాక అతనివైపు చాలాసేపు చూసింది. పుస్తకం పూర్తయ్యాక జడ్జిగారు పదికి ఎనిమిది వేసింది. జ్వరం తగ్గాక తల్లి పనీ పాటా లేకుండా కూర్చున్నందుకు రెండు కోత.

తర్వాత సినిమా వచ్చింది. శనివారం మధ్యాహ్నం ఆటకి తండ్రీ కూతుళ్ళు వెళ్ళారు. జనంలోకి వెళితే అంటువ్యాధులు తగులుతాయని భార్య ఇంట్లోనే ఉంది. వెళ్ళకుండా ఉండటానికి అతను తలనొప్పి అన్నాడు, టికెట్లు దొరకవన్నాడు, బొమ్మ బాగాలేదని విన్నానన్నాడు. బాగుందో లేదో చెప్పడానికి నేనున్నాను కదా అంది పిల్ల. హాల్లో అతను తెర చూడలేదు. తెర వెలుగు పడుతున్న కూతురి మొహమే చూశాడు. పడవలో తల్లి చనిపోయింది. హాలంతా ముక్కులు చీదింది. జడ్జిగారి కంట తడి లేదు. దవడ మాత్రం బిగుసుకుంది.

బయటికి రాగానే అంది. "జనాన్ని ఏడిపించడానికి ఆవిణ్ణి చంపేశారు నాన్నా. బాగయ్యే మనిషిని చంపేశారు."

సోమవారం గోడపత్రికలో ఆ మాటే పెద్ద అక్షరాలతో వెలిసింది. పది నిమిషాల్లో పై తరగతి పిల్లలు చుట్టూ మూగారు. పుస్తకం అట్టయినా తెరవకుండా రాసేసిందని ఒకమ్మాయి పడీ పడీ నవ్వింది. జడ్జిగారికి రోషం వచ్చింది. గురువారం లైబ్రరీ పీరియడులో పందొమ్మిదో అధ్యాయం అందరి ముందూ చదివి వినిపిస్తాను, అప్పుడు చూద్దాం ఎవరు తెరవలేదో అని సవాలు చేసింది. టీచరు సరేనంది. ఇంటికొచ్చి నాన్నకి ఒకే ఒక్క పని చెప్పింది. లైబ్రరీ నుంచి ఆ పుస్తకం మళ్ళీ తెచ్చిపెట్టాలి.

కథ మార్చాడని తెలిస్తే పిల్ల రెండు రోజులు అలుగుతుంది, మూడో రోజు మర్చిపోతుంది. అంతవరకే అయితే బాధ లేదు. అతని భయం వేరే. ఒక మిషను ఒక్క అంకె తప్పు చెప్పిందని తేలితే, ఆరోజు అది చెప్పిన అంకెలన్నీ పక్కన పెట్టేయాలి. ల్యాబులో చేరినవాళ్ళకి మొదటివారం నేర్పేది అదే. పందొమ్మిదో అధ్యాయం కూలితే వంటింటి గోడా కూలుతుంది. ఆ తర్వాత అమ్మ గురించి అతను ఏం చెప్పినా పిల్ల నమ్మదు. చెప్పక తప్పని రోజు దగ్గరపడుతోందని అతనికి తెలుసు.

మంగళవారం లైబ్రరీకి వెళ్ళి, అక్కడున్న రెండు కాపీలూ తీసుకున్నాడు. ఒకే పుస్తకం రెండెందుకని లైబ్రేరియన్ అడిగింది. ఇద్దరం ఒకేసారి చదువుతామని చెప్పాడు. ఆవిడ ముచ్చటపడి ముద్ర వేసింది. రెండిటినీ ల్యాబు లాకర్లో తెల్లకోటు కింద పెట్టి ఇంటికొచ్చాడు. పుస్తకాలు ఎవరో పట్టుకుపోయారని చెప్పాడు. అబద్ధం కాదు కదా అని తనకి తాను చెప్పుకున్నాడు కూడా.

"సినిమా చూసి తీసుకుని ఉంటారు" అంది పిల్ల. "వాళ్ళైనా నిజం తెలుసుకుంటారులే."

ఆ రాత్రంతా అతను ఆలోచించి ఆలోచించి పట్టిన దారి ఎంత పిచ్చిదో పగటి వెలుగులో చూస్తే అతనికే తెలిసేది. బుధవారం భోజనాల వేళ ల్యాబు కంప్యూటరు ముందు కూర్చుని, తను కల్పించి చదివిన రెండో పేజీని టైపు చేశాడు. అక్షరాల సైజు కుదిర్చాడు, వరసల మధ్య జాగా స్కేలుతో కొలిచాడు. అచ్చు తీసి, లాకర్లో ఉన్న కాపీలో ఆ పేజీ మీద అంటించాలని ప్లాను. పరీక్షల రిపోర్టులు వచ్చే ప్రింటరే అతని పేజీని కూడా బయటికి తోసింది. లేచి వెళ్ళేలోపు మేడమ్ దాన్ని తీసేసింది.

"ఇదేం రిపోర్టు మళ్ళీగారూ?" అని ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. "పేషెంటు నంబరు లేదు. జ్వరం దిగింది, ఆమె కళ్ళు తెరిచి పిల్లలవైపు చూసింది అని ఉంది."

అతను దాచలేదు. అధ్యాయం సంగతి, లాకరు సంగతి, గోడ మీది ఎనిమిది చుక్కల సంగతి, ఒకదాని తర్వాత ఒకటి చెప్పేశాడు. ఆవిడ అంతా విని తన జేబులోంచి ఇంకో కాగితం తీసి, అతని పేజీ మీద పెట్టి, రెండూ కలిపి చేతికిచ్చింది.

"ఇది ఇందాక వచ్చింది. రెండుసార్లు చేశాను. మీరు అడుగుతారని మూడోసారి కూడా చేశాను. తొమ్మిది వేలు." ఆ అంకె మీద వేలు పెట్టింది. "దీన్ని కూడా టైపు చేసుకుంటారా?"

డాక్టరు ఫోనులోనే చెప్పాడు. మొదటి మందు పట్టుకోలేదు. సోమవారం ఆసుపత్రిలో చేర్చి రెండోది మొదలుపెడదాం. అది పనిచేస్తుందా అని అడిగితే, కొందరికి చేస్తుంది అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి నాలుగు దాటింది. వంటింట్లో గళ్ళ కాగితం కింద, నేల మీద, పిల్ల కూర్చుని ఉంది. ఒళ్ళో పడవ పుస్తకం. బడిలో పడీ పడీ నవ్విన అమ్మాయే తన కాపీ తెచ్చి ఇచ్చిందట. చదువుకుని రా, రేపు అందరి ముందూ నవ్వులపాలవుతావు అందట. ఇంటర్వెల్లో పందొమ్మిది, బస్సులో ఇరవై, ఇంటికొచ్చి ఇరవై ఒకటి చదివింది. ఏడవలేదు. పెన్సిలు చేతిలో ఉంది.

"ఎక్కడినుంచి నువ్వు చెప్పింది?" అని అడిగింది.

"చెయ్యి చల్లబడింది అన్న చోటునుంచి."

"డాక్టరు?"

"నేనే."

"ఆకు కూడానా?"

తల ఊపాడు.

"తెరచాప నీదేనని తెలిసిపోయిందిలే." పుస్తకం మూసింది. "నువ్వు కల్పించినవన్నీ ఒక్కలాగే ఉంటాయి నాన్నా. ఎక్కడా వెనక్కి పోవు. రోజూ కొంచెం కొంచెం బాగుపడుతూనే ఉంటాయి."

ఆ మాట అంటున్నప్పుడు పిల్ల పుస్తకం వైపు చూడటం లేదు. తలెత్తి గోడవైపు చూస్తోంది. ఇరవై మూడునుంచి ముప్ఫై ఎనిమిదిదాకా, మెట్లు కట్టినట్టు, ఒక్కచోట కూడా జారని గీత. ల్యాబులో ఎవరైనా అలాంటి గీత తెచ్చి చూపిస్తే తనే మళ్ళీ చెయ్యమనేవాడు.

అతని బుర్రలో అప్పటికప్పుడు మూడు జవాబులు తయారయ్యాయి. మూడూ బాగానే ఉన్నాయి. ఒక్కటీ నోటిదాకా రాలేదు.

"మొదటి రెండూ నిజమే" అన్నాడు.

"మిగతావి చెప్పు."

చెప్పాడు. కాగితం అక్కర్లేకపోయింది. పద్నాలుగు, పదిహేడు, పదమూడు, పదహారు, పన్నెండు, పదిహేను, పదమూడు, పదకొండు. ఇవాళ్టిది తొమ్మిది. పిల్ల లేచి నిలబడి, ఒక్కో గీతకీ కింద వెతుక్కుని చుక్క పెట్టింది. తొమ్మిదికి చుక్క పెట్టడానికి వంగాల్సి వచ్చింది.

భార్య ఎప్పుడొచ్చిందో గుమ్మంలో గోడకి ఆనుకుని నిలబడి ఉంది. పిల్ల వెనక్కి తిరిగి, నీకు తెలుసా అని అడిగింది. తెలుసు అంది తల్లి.

"మీరిద్దరూ పుస్తకం చదివారు" అంది పిల్ల. "నాకు సినిమా చూపించారు."

పిల్ల నాన్న దగ్గరికి వచ్చి ఎదురుగా నిలబడింది.

"అమ్మ చచ్చిపోతుందా?"

"తెలీదు తల్లీ."

"నిజంగా తెలీదా, నాకు చెప్పడానికి తెలీదా?"

నిజంగానే తెలీదన్నాడు. రెండో మందు ఉందన్నాడు. అది ఎందరికి పనిచేస్తుందో, ఎన్ని వారాలకి తెలుస్తుందో, పనిచెయ్యకపోతే ఇంకేం చెయ్యొచ్చో, తనకి తెలిసిందంతా వరసగా చెప్పాడు. జీవితంలో అంత జాగ్రత్తగా అతను ఏ సంగతీ చెప్పి ఉండడు. ఒక్క మాట ఎక్కువ చెయ్యలేదు, ఒక్కటి తక్కువ చెయ్యలేదు. పిల్ల చివరిదాకా విని, తల్లి వైపు తిరిగింది.

"నాన్న చెప్పింది నిజమేనా అమ్మా?"

నిజమేనంది తల్లి. పిల్ల ఆమె మొహంలోకీ అతని మొహంలోకీ మార్చి మార్చి చూసింది. ఎవరి దగ్గర ఆగాలో తెలియనట్టు చూసి, పుస్తకం తీసుకుని పక్కగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

గురువారం బడిలో ఆమె అసలు అధ్యాయమే చదివింది. ఆ సంగతి అతనికి ఇంట్లో తెలియలేదు. పిల్లకి వారం రోజులు సెలవు అడగడానికి సోమవారం పొద్దున్న వెళ్ళినప్పుడు వరండాలో ఆగి గోడపత్రిక చూశాడు. పాత కాగితం పోయి కొత్తది ఉంది. సినిమా ఏమీ మార్చలేదు, పుస్తకంలో ఉన్నదే తీసింది, పోయినసారి నేను రాసింది తప్పు, నేను విన్న పుస్తకం వేరే అని ఉంది. ఆ వేరే పుస్తకం ఎవరు చదివారో రాయలేదు. టీచరు వచ్చి పలకరించేదాకా అతను అక్కడే నిలబడిపోయాడు.

భార్యని గాజు తలుపు గదిలో పెట్టారు. బయటివాళ్ళు మూతికి గుడ్డ కట్టుకుని, తలుపు ఇవతలినుంచే చూడాలి. పిల్ల తలుపుకి చెయ్యి ఆనిస్తే, లోపలినుంచి తల్లి తన చెయ్యి ఎత్తేది. పిల్ల నాన్నతో మాట్లాడటం మానలేదు. టిఫిను తిన్నావా అంటే తిన్నాను అనేది, పదమంటే నడిచేది. అంకె మాత్రం అడగడం మానేసింది.

బుధవారం వచ్చింది. మేడమ్ గొట్టం మిషన్లో పెట్టినప్పుడు అతను ఎప్పటిలా వెనక నిలబడ్డాడు. పన్నెండు వచ్చింది. ఈసారి 'మళ్ళీ' అన్నది మేడమే. మళ్ళీ పన్నెండే. మూడు వేల తేడాకి అర్థం ఉండొచ్చు, ఏ అర్థమూ లేకపోవచ్చు. అది అతనికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. అయినా కాగితం పట్టుకుని, మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, గాజు తలుపు ముందు బెంచీ మీద కూర్చున్న కూతురి దగ్గరికి వెళ్ళాడు.

"పన్నెండు" అన్నాడు ఆయాసపడుతూ. "మూడు పెరిగింది."

పిల్ల తలెత్తింది. అతని మొహంలో ఉన్న సంతోషం చూసింది. ఆ సంతోషమే కొంప ముంచింది. ఆ మొహాన్ని ఆమె అంతకుముందు ఎనిమిది బుధవారాలు చూసి ఉంది.

"అవునా" అంది.

కాగితం ఇచ్చాడు. తిప్పి చూసింది. కాగితాలు ఎక్కడ అచ్చవుతాయని అడిగింది. కింద ల్యాబులో అన్నాడు. నువ్వు కూర్చునే చోటేనా అంది. పిల్ల లేచి మెట్లు దిగడం మొదలుపెట్టింది. అతను వెనకే దిగాడు. పిలవలేదు, ఆపలేదు.

ల్యాబు కిటికీ దగ్గర పిల్ల మునివేళ్ళ మీద లేచింది.

"ఆంటీ, మా అమ్మది ఎంత?"

మేడమ్ మిషన్ దగ్గరినుంచి తల తిప్పి ముందు పిల్లని, తర్వాత ఆమె వెనక దూరంగా నిలబడిన అతన్ని చూసింది. చేతి తొడుగులు తీసేసి కిటికీ దగ్గరికి వచ్చింది.

"పన్నెండు తల్లీ. పోయినవారం తొమ్మిది. రెండుసార్లు చేశాను."

పిల్ల అరికాళ్ళు నేలకి ఆనాయి. భుజాలు జారిపోయాయి. కిటికీ గట్టు మీద తల పెట్టుకుని, అన్ని రోజులుగా రానిదంతా ఒక్కసారే వచ్చినట్టు, వెక్కి వెక్కి ఏడ్చింది. మేడమ్ కిటికీలోంచి చెయ్యి చాపి ఆమె జుట్టు నిమురుతోంది. పరీక్షకి వచ్చినవాళ్ళు వరసలో ఆగి చూస్తున్నారు.

అతను రెండడుగులు వేసి, అక్కడే ఆగిపోయాడు.